మా కమల, ఇరవై మూడిళ్ల కుప్ప

పందొమ్మిది వందల ఎనభై మూడు జూన్‌లో మా కమల ఎం.ఏ. గణాంకశాస్త్రం పేపరు మూడోసారికి పాసయింది. నలభై ఒక్క మార్కులు. నలభై వస్తే చాలు, ఇంకొకటి పైచిలుకు. తర్వాత ఆమె ఎం.ఫిల్. చేసింది, హైదరాబాదులో పరిశోధన సంస్థలో ఉద్యోగం సంపాదించింది, ఆమె రాసింది ఇంగ్లీషు పత్రికలో పందొమ్మిది పేజీలు అచ్చయింది. అయినా ఎవరడిగినా నేను ఆ నలభై ఒక్క మార్కుల దగ్గరే మొదలుపెడతాను. తెలుగులో చదువుకొని పోయిన పిల్ల, పక్కన డిక్షనరీ పెట్టుకొని ఒక్కో లైనుకు పావుగంట కూర్చొని తెచ్చుకున్న మార్కులవి. రెండోసారి తప్పినప్పుడు ఆమె తండ్రి, అంటే నా తమ్ముడు గంగాదాస్, “ఇగ సాలు, వాపసు తోల్కొస్త” అని హైదరాబాదు బస్సెక్కబోయాడు. ఆర్మూర్ బస్టాండులో అతని చెయ్యి పట్టుకొని వెనక్కి తెచ్చినవాణ్ణి నేను. నేను చదివింది ఐదో తరగతి. ఈ ఇంటికి నేను చేసిన పనుల్లో అది మొదట రాయదగ్గది.

మాది ఆర్మూర్ పక్కనున్న ఆలూరు. నా పేరు ముత్తెన్న. నాకు మూడున్నర ఎకరాలు, తమ్ముడికి మూడు. చెరొక ఎకరంలో పసుపు, మిగతాది మక్కజొన్న. వాడలో మొదటి బావి తవ్వించింది నేను, మొదటి కరెంటు మోటారు పెట్టించింది నేను. కమల సంగతి అర్థం కావాలంటే మాత్రం ముందు మా కుప్ప సంగతి చెప్పాలి.

ఆర్మూర్ మార్కెట్ యార్డులో ఒక పేరు మీద ఒకచోట పెట్టిన సరుకును కుప్ప అంటాం. సంచుల్లో ఉన్నా అది కుప్పే. వేలం పాడే ఖరీదుదారులు పెద్ద కుప్పల దగ్గర ఆగుతారు. రెండు సంచుల మనిషి దగ్గర ఆగరు. సంచిని కాలితో తట్టి ముందుకు పోతారు. పొద్దు వంగేదాకా కూర్చోబెట్టి, ఇంటికి పోవాలన్న అతని తొందర చూసి, అప్పుడు వచ్చి నోటికొచ్చిన ధర చెబుతారు. అందుకని మా బాపు కాలం నుంచి మా వాడలోని ఇరవై మూడిళ్ల పసుపు ఒకే పేరు కింద పోతున్నది. మా బాపు తర్వాత ఆ పేరు నాదయింది. ఎవరి సంచులకు వాళ్ల గుర్తు ఉంటుంది. ఒకరికి కొబ్బరి పీచు, ఒకరికి నల్ల దారం, ఎంకటికి వేపపుల్ల. తమ్ముడి సంచులకు ఎర్ర పేలిక. చిన్నప్పుడు తన పాత లంగా చింపి ఆ పేలికలు కట్టేది కమలే.

దీనికి ఒక్కటే కట్టుబాటు. యార్డులో నిలబడి ‘ఈ కుప్ప ఎవరిది’ అని ఎవరడిగినా, పేరున్న మనిషి ‘నాదే’ అనాలి. పదిమందిది అని తెలిసిందంటే ఖరీదుదారులు దాన్ని విడదీస్తారు, ఒక్కొక్కణ్ణి పక్కకు పిలిచి బేరమాడతారు. ఇరవై రెండేళ్లు నేను ఆ మాట తప్పలేదు.

హైదరాబాదు చదువు మా కమలను ఎట్లా మార్చిందో నేను దగ్గరుండి చూశాను. ఎనభై నాలుగు ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు తల్లి భీమవ్వతో ఆర్మూర్ అంగడికి పోయింది. నేను సంచి పట్టుకొని వెనక ఉన్నాను. భీమవ్వ ఎప్పుడూ కొనే ముసలామె దగ్గర కూర్చొని వంకాయలు ఏరుతుంటే కమల ఆపింది.

“అవ్వా, పక్కామె తక్కువకిస్తుంటే గీమెకాన్నే ఎందుకు కొంటున్నవ్? గిది లెక్కకు రాదు.”

“నువ్వు పుట్టినప్పుడు నాకు పాలు పడకుంటే గీమె కోడలు నీకు పాలిచ్చింది. గది ఏ తరాజుల ఏస్తవ్?”

“గది ధరల ఉండదు అవ్వా.”

“ఉండదనే కొంటున్న. సంచి పట్టు.”

కమల నవ్వింది కాని, సాయంత్రం దాకా ఆలోచిస్తూనే ఉంది. ఉద్యోగంలో చేరాక ఆ నవ్వు కూడా తగ్గింది. మొదట్లో ఆమె ఉత్తరాల్లో ‘వానలు పడ్డాయా, బర్రె ఈనిందా’ అని ఉండేది. తర్వాత ‘ఈ ఏడు పసుపు విస్తీర్ణం పెరిగినట్టేనా’ అని రాసేది. ఉత్తరంలో తప్పు మాట ఒక్కటి ఉండేది కాదు, గట్టి మాటా ఒక్కటి ఉండేది కాదు. అన్నీ ‘కావచ్చు’లే. తండ్రికి జ్వరమొచ్చిందని రాస్తే ‘మలేరియా కావచ్చు’ అని జవాబొచ్చింది. నేను చదివి వినిపిస్తే భీమవ్వ, “కావచ్చేంది, అచ్చింది, పోయింది గూడ” అన్నది.

ఆమెకు పని నేర్పిన సారు ఒకాయన ఉన్నాడు. పెద్ద చదువుల మనిషి. ఆయన మొదటి రోజే చెప్పాడట: ‘పసుపు మీద పని చెయ్యి, మంచిదే. కాని నువ్వు ఆ ఊరి పిల్లవు. నీకు ముందే తెలిసినదాన్ని గుమ్మం బయట పెట్టి రా. రిజిస్టరులో ఉన్నది, అడిగితే రైతు చెప్పింది, ఈ రెండే సాక్ష్యం.’ కమల ఈ మాట నాకు గర్వంగా చెప్పింది. నేనూ గర్వంగానే విన్నాను. జడ్జీలు ఇట్లాగే ఉంటారు కదా అనుకున్నాను.

ఎనభై ఏడులో యార్డు వార్షికోత్సవం నాడు నాకు శాలువా కప్పారు. ఆ ఏడు అందరికంటే ఎక్కువ పసుపు తెచ్చిన రైతులలో నా పేరు ఉందట. రిజిస్టరు చూసి పిలిచారు. ఇరవై మూడిళ్ల వాళ్లు కింద కూర్చొని చప్పట్లు కొట్టారు. నేను శాలువా కప్పుకొని ఊళ్లోకి వచ్చాను. కట్టుబాటు ప్రకారం అది కూడా తప్పు కాదనుకున్నాను.

ఎనభై తొమ్మిది ఫిబ్రవరిలో కమల సారుతో కలిసి ఆర్మూర్ యార్డుకు వచ్చింది. చేతిలో అట్ట, అట్ట మీద ఫారం. వేలానికి ముందు వేళ. నా కుప్ప దగ్గర నలుగురు ఖరీదుదారులు సంచుల్లో చేతులు పెట్టి పసుపు కొమ్ములు విరిచి చూస్తున్నారు.

“పేరు?” అని అడిగింది కమల.

“నా పేరు మర్సినవా బిడ్డా?”

“ఫారంల ఉంది, అడగాలె. ఈ కుప్పల ఉన్న పసుపంతా మీదేనా?”

మీదేనా అన్నది. పుట్టిన దగ్గర నుంచి నన్ను మీరు అనలేదు. ఆమె కళ్లు మూడో వరుస సంచులకున్న ఎర్ర పేలికల మీదికి పోయాయి. పెన్ను ఫారం మీద ఆగింది. ఖరీదుదారులు తలలెత్తి నన్ను చూశారు.

“అంతా నాదే,” అన్నాను.

ఆమె రాసుకుంది.

తొంభై ఒకటిలో ఆ పత్రం అచ్చయింది. ఆమె పేరు, కింద సారు పేరు. ఇంటికి తెచ్చి నాకు తెలుగులో చెప్పింది. ఆర్మూర్ యార్డుకు వచ్చే పసుపులో ముప్పావు వంతు పదకొండు మంది పెద్ద రైతులదే, చిన్న రైతు ఈ యార్డుకు రాడు అని దాని సారం. “నాలుగో నంబరు రైతువు నువ్వే పెద్దబాపు. గంత పసుపు పండాలంటే నలభై ఎకరాలు ఉండాలె” అన్నది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ సంగతి నాకు అప్పుడు పట్టలేదు. ఇంగ్లీషు అచ్చులో ఆలూరు పేరు వెతికి దాని మీద వేలు పెట్టి కూర్చున్నాను.

మూడేళ్లకు, తొంభై నాలుగు ఫిబ్రవరి చివర, యార్డు గోడకు నోటీసు అంటించారు. ఇక్కడి పసుపు ఎక్కువగా పదకొండు మంది పెద్ద రైతులదేనని పరిశోధనలో తేలింది కనుక, వాళ్లకు సొంత బండ్ల స్తోమత ఉంది కనుక, ఆర్మూర్‌లో పసుపు వేలం ఆపి నిజామాబాదుకు కలపాలనుకుంటున్నామని అందులో ఉంది. అభ్యంతరాలు మార్చి 21, సోమవారం యార్డులోనే వింటారు.

నిజామాబాదు దూరమేమీ కాదు, లారీ ఉన్నవాడికి. నాలుగు సంచులు ఎడ్లబండి మీద వేసుకొని పోయేవాడికి పోను ఒక రోజు, రాను ఒక రోజు. అక్కడ మా పేర్లు ఎవరికీ తెలియవు, మా గుర్తులు చదివే దడ్వాయి ఉండడు. తూకం వేసి చీటీ రాసే మనిషిని ఇక్కడ దడ్వాయి అంటారు. మా దడ్వాయి జలీల్, అతని తండ్రి కూడా ఈ యార్డులోనే తూకం వేశాడు.

ఆ రోజు యార్డు ముందు చాయ్ హోటల్లోకి నేను అడుగుపెట్టగానే మాటలు ఆగాయి. మా వాడ ఎంకటి మాత్రం ఆపలేదు.

“రా పటేలా, కూసో. మీ బిడ్డ మస్తు సదివింది. సదివి సదివి మన యార్డు మీదికే అచ్చింది.”

“నోరు సంబాలించు ఎంకటీ.”

“నేనేమన్న? నువ్వు నలభై ఎకరాల ఆసామివట గద, సర్కారే చెప్తున్నది. లారీ ఎప్పుడు కొంటున్నవ్? మమ్ములను ఎన్క ఎక్కిచ్చుకుంటవా, లేకుంటే టైరు గాలి పోతదా?”

హోటలంతా నవ్వింది. ఎంకటి నవ్వకుండా నా భుజం వైపు చూశాడు. “గా శాలువనన్న ఇరువై మూడు తుకడలు జెయ్యి పటేలా. మూతి తుడ్సుకునేందుకన్న పనికొస్తయ్.”

చాయ్ తాగకుండానే లేచి పోస్టాఫీసుకు పోయి కమలకు కార్డు రాశాను. ‘నోటీసు చూసినాము. నీవు రావలెను.’ అంతకంటే రాయడానికి చెయ్యి సాగలేదు.

ఆమె ఎట్లాగూ వస్తున్నది. ఆ పత్రం సంగతి, అభ్యంతరాలు వినే అధికారికి వివరించడానికి సారును, ఆమెను పిలిచారు. ఇరవయ్యో తేదీ ఆదివారం మధ్యాహ్నం దిగింది. సారు ఆర్మూర్ గెస్ట్ హౌసులో ఉన్నాడు, ఈమె ఇంటికి వచ్చింది. వాడలో నడుచుకుంటూ వస్తుంటే ఎవరూ ‘ఎప్పుడొచ్చినవ్ బిడ్డా’ అనలేదట. చెప్పులు విడవకుండానే ఆ మాట చెప్పింది.

“నీకెర్కలేదా?” అని అడిగాను. “గా ఎర్ర పేలికలు కట్టింది నువ్వు గాదా?”

“ఎర్కనే పెద్దబాపు.”

“మరెందుకు రాసినవ్?”

“రిజిస్టర్ల నీ పేరుంది. అడిగితే నువ్వు నాదే అన్నవ్. రెండు సాక్ష్యాలు ఒక్కటైనయ్. నాకెర్కయింది రాస్తే ఇంటి ముచ్చట రాసిందంటరు. పదేండ్లు నాకు గదే నేర్పిన్రు.” చెప్పులు విడిచి పక్కన పెట్టింది. “నేను గూడ ఇష్టంగనే నేర్సుకున్న. గది పట్టుకునే ఇంతదాక అచ్చిన.”

గంగాదాస్ మంచం మీద నుంచి లేచాడు. “రేపు నిలబడి తప్పు రాసిన అను. అయిపాయె.”

“ఏప్రిల్ ఎనిమిదిన నాకు పెద్ద పోస్టుకు ఇంటర్వ్యూ ఉంది బాపు. గా పత్రం మీద సారు పేరు గూడ ఉంది. ఇంటర్వ్యూల కూసునేది సారే.”

భీమవ్వ గిన్నెలు దించి ఎవరికీ వడ్డించకుండా నిలబడింది. పోస్టు కంటే యార్డు పెద్దదా అని అడగాలని నా నోటిదాకా వచ్చింది. కమలే ముందు మాట్లాడింది.

“పోస్టు పోతే పోయింది. నేను చెప్పినా నమ్మరు, గదీ సంగతి. పెద్ద రైతు తమ్ముని బిడ్డ, ఇంటోళ్ల కోసం మాట మార్చింది అంటరు. నా నోటి నుంచి వస్తే సాక్ష్యం గాదు.”

ఆమె నా వైపు చూసింది. చెప్పాల్సింది నేనేనని నాకు అర్థమయింది.

“రేపు మన కుప్ప యార్డుల ఉంటదా?” అని అడిగింది.

“ఉంటది. ఈ ఏడు గదే పెద్ద కుప్ప.”

“వేలం ఎప్పుడు?”

“పదింటికి. మీ మీటింగు పదకొండింటికి.”

రాత్రి పడుకొని నేను లెక్క వేసుకున్నాను. వేలం అయ్యాక నిజం చెబితే ఎవరికీ నష్టం లేదు. కాని కుప్ప తూకమై పోయాక, నా మాట ఒక్కటే మిగిలాక, అధికారి దాన్ని ఎందుకు నమ్ముతాడు? సంచులు, గుర్తులు, మనుషులు ముందు ఉన్నప్పుడే చెప్పాలి. అంటే ఖరీదుదారుల ముందు చెప్పాలి.

సోమవారం తొమ్మిదిన్నరకు మా కుప్ప చుట్టూ ఇరవై మూడిళ్ల వాళ్లూ నిలబడ్డారు. ఖరీదుదారులు వరుసగా చూసుకుంటూ వస్తున్నారు. హైదరాబాదు అధికారి జీపు అప్పుడే దిగి, సారుతో మాట్లాడుతూ షెడ్డు వైపు నడుస్తున్నాడు. కమల గబగబా పోయి ఆయనతో ఏదో అన్నది. ఆయన వాచీ చూసుకొని ఆమె వెంట మా వైపు తిరిగాడు. సారు కూడా వచ్చాడు, ముఖం గంటు పెట్టుకొని.

కమల చేతిలో ఐదేళ్ల నాటి అదే అట్ట, అదే ఫారం, ఖాళీది. నా ముందు నిలబడింది.

“పెద్దబాపు, ఈ కుప్పల ఉన్న పసుపంతా నీదేనా?”

ఖరీదుదారులు ఆగారు. ఒకాయన చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది. నేను ఎంకటిని చూశాను. ఆ ఏడు ఎంకటికి ఉన్నవి నాలుగే సంచులు. కళ్లం మీద వాన కొట్టి మిగతాది పాడైంది. అతను నన్నే చూస్తూ మెల్లగా తల అడ్డంగా ఆడించాడు. చెప్పకు అని. హోటల్లో నన్ను ఏడిపించిన మనిషే, యార్డు పోతుందని తెలిసిన మనిషే. ఆ పూట ధర అతని కళ్ల ముందుంది, యార్డు ఎక్కడో ఉంది.

కమల పెన్ను ఫారం మీద పెట్టి ఉంచింది.

“నాయి ఆరు సంచులే,” అన్నాను.

సంచిలో ఉన్న చెయ్యి బయటికి వచ్చింది. “మరి కడమవి ఎవరియి పటేలా?”

జలీల్ తూకపు కాంటా దగ్గర నుంచి వచ్చాడు, చెవి మీద పెన్సిలుతో. “నేను చెప్త సాబ్. ముప్పై ఏండ్ల సంది తూకమేస్తున్న. నా చీటీల ఒక్కటే పేరుంటది, నా కండ్లల్ల ఇరవై మూడుంటయ్.” వరుస మొదటికి పోయి ఒక్కో సంచి మీద చెయ్యి వేస్తూ చదివాడు. “నల్ల దారం, నీలవ్వది. పీచు, తుకారాం అన్నది. ఎర్ర పేలిక, గంగాదాస్ భాయిది. వేపపుల్ల, గీ ఎంకటిది, నాలుగు, గీయన ఇప్పుడు నన్ను కొడ్తడు.”

ఎవరూ నవ్వలేదు. కమల ఇరవై మూడు పేర్లూ రాసుకుంది. ఎర్ర పేలిక దగ్గర ఒక క్షణం వంగింది, ముట్టుకోలేదు, లేచింది.

పదకొండింటికి షెడ్డులో అధికారి ముందు నిలబడి ఆమె చెప్పింది: “ఈ పత్రం నేను రాసిందే. సంచుల లెక్క సరైనదే. మనుషుల లెక్క తప్పు రాశాను. తెలిసే రాశాను, తెలిసినదాన్ని బయట పెట్టాలని నేర్చుకున్నాను గనుక.”

సారు కోపగించుకోలేదు. మెత్తగా అన్నాడు. “కమలా, ఇది ఒక ఊరి సంగతి. ఒక ఊరు చూసి పత్రం తప్పనలేం. ఇంకా పది పేర్లున్నాయి.”

“ఉన్నారు సార్. ఇక్కడే కూర్చున్నారు. అడుగుదాం.”

అధికారి అడిగాడు. పదిమంది పెద్దలూ నేల చూశారు. మా కుప్ప గొడవలో వేలం ఆలస్యమై, వాళ్ల కుప్పలు ఇంకా అమ్ముడుపోలేదు. ఖరీదుదారులు షెడ్డు గుంజలకు ఆనుకొని వింటున్నారు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. గంట కింద నేనూ ఆ నేలనే చూశాను. చివరికి ఇందల్వాయి దారిలోని ఊరి నుంచి వచ్చే హన్మయ్య, ఏడో నంబరు రైతు, కట్టె పట్టుకొని లేచాడు. “నా పేరు కింద పద్నాలుగిండ్లున్నయ్ సారూ,” అని కూర్చున్నాడు. మిగిలిన తొమ్మిది మంది లేవలేదు.

అధికారి కాయితం మీద రాసి చదివాడు. ఇద్దరు చెప్పారు, తొమ్మిది మంది చెప్పలేదు. కనుక ఏప్రిల్ 30 దాకా నిర్ణయం ఆపుతున్నాం. ఆలోగా పదకొండు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి, సంతకాలతో లెక్క తెస్తే చూస్తాం. తేకపోతే నోటీసు ప్రకారమే.

సారు జీపులో వెళ్లిపోయాడు. ఈ లెక్కతో సంస్థకు సంబంధం లేదని పోతూ పోతూ చెప్పాడు. కమల మరునాడు బస్సులో పోయింది, సెలవు అడగడానికి. మేము అనుకున్నట్టే ఖరీదుదారులు మా కుప్పను విడదీశారు. ధర విరిగింది. ఎంకటి సంచులు పొద్దుగూకాక పోయాయి. అతను నాతో మాట్లాడటం మానేశాడు.

మేము చెయ్యగలిగింది చేశాం. జలీల్ తన పాత చీటీల కట్టలు విప్పి గుర్తులన్నీ చెబితే నేను నోటుబుక్కులో రాశాను. కాని పక్క ఊళ్లకు నేను పోతే తలుపు తీయడం లేదు. ఖరీదుదారులకు చెబుతాడేమో అని భయం. సీజను ముగిసేదాకా ఆ భయం పోదు. రోజులు తరుగుతున్నాయి. ఉగాది దాటింది. కమల నుంచి మాట లేదు.

నిన్న, పదమూడో తేదీ, ఉత్తరం వచ్చింది. చాయ్ హోటల్లోనే విప్పి పైకి చదివాను. ఇంటర్వ్యూలో ఒక్కటే ప్రశ్న అడిగారట: నీ పత్రాన్ని నువ్వే కాదన్నావు, నీ తర్వాతి పత్రాన్ని ఎట్లా నమ్మాలి? ‘మళ్లీ పోయి అడిగాను గనుక’ అన్నదట. పోస్టు వేరే ఆయనకు వచ్చింది. జీతం లేని సెలవు నెలాఖరు దాకా ఇచ్చారు. కొత్త ఫారాలు అచ్చు వేయించి తెస్తున్నది. పాత ఫారంలో పేరు తర్వాతి ప్రశ్న ‘ఈ కుప్పలో ఉన్న పసుపంతా మీదేనా’ అని. కొత్తదాంట్లో ‘మీ పసుపు ఎవరి పేరు కింద పోస్తారు’ అని. రెండు పేజీల ఉత్తరం, ‘కావచ్చు’ అన్న మాట ఒక్కచోటా లేదు.

నేను మడత పెడుతుంటే ఎంకటి తన బల్ల దగ్గర నుంచి, నా వైపు తిరగకుండానే, మూడు వారాల తర్వాత మొదటి మాట అన్నాడు.

“ఎప్పుడొస్తదట?”

ఏప్రిల్ పద్దెనిమిది, సోమవారం, పొద్దటి బస్సుకు.